సంబంధం వాళ్లడిగే ప్రశ్న

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందాండీ?"

గుడివాడ చుట్టుపక్కల ఈ ప్రశ్న అడిగేవాళ్లు రెండే రకాలు. ఒకరు మానసిక వైద్యులు, రెండోవాళ్లు పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు. మాటల్లో కూడా తేడా ఉండదు. డాక్టరు ముందుజాగ్రత్త కోసం అడుగుతారు. సంబంధం వాళ్లు వెనక్కి తగ్గడానికి అడుగుతారు. సంబంధం వాళ్లకి ఏం చెప్పాలో మన ఇళ్లల్లో తరాలుగా సాధన చేసి పెట్టుకున్నారు కాబట్టి డాక్టరుకీ అదే జవాబు వెళ్తుంది. "లేదండీ, మా వైపు ఎవరికీ లేదు."

మానసిక అనారోగ్యం ముదరకముందే ఆపడం గురించి కొన్నేళ్లుగా చదువుతున్నాను. నాది సాహిత్యం, వైద్యం కాదు. ఆ పుస్తకాల్లో నివారణని మూడు రకాలుగా చెప్తారు. ఊరందరికీ వర్తించేది, ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లని ఎంచుకుని చేసేది, లక్షణాలు అప్పుడే తలెత్తుతున్నవాళ్లకి చేసేది. విభజన శుభ్రంగా ఉంది. కానీ రెండో రకానికీ మూడో రకానికీ ఎవరో ఒకరు నోరు విప్పి నిజం చెప్పాలి. చెప్తే ఏం పోతుందో, ఎవరికి పోతుందో ఆ పుస్తకాలు లెక్కలోకి తీసుకోవు. మా ఇళ్లల్లో ఆ లెక్కంతా ఆడవాళ్ల దగ్గరే ఉంటుంది.

2017లో మా పిన్ని కూతురు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉండేది. దసరా సెలవలకి ఇంటికొచ్చింది, తిరిగి వెళ్లనంది. రాత్రిళ్లు నిద్ర లేదు. అన్నం కలుపుకుని అలాగే కూర్చునేది. పాఠం కళ్లముందు కనిపిస్తోంది కానీ లోపలికి వెళ్లట్లేదక్కా అని నాతో అంది. నీరసం అన్నారు, రక్తం తక్కువన్నారు, దిష్టి తీశారు, నరాల బలానికి ఇంజక్షన్లు వేయించారు. రెండు నెలలు అలా గడిచాక విజయవాడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఓపిగ్గా మాట్లాడింది. అంతా రాసుకుంటూ ఆ ప్రశ్న అడిగింది. పిన్ని నా మణికట్టు గట్టిగా పట్టుకుని "లేదండీ" అంది.

ఆ మాట అంటున్నప్పుడు మా పెద్దమ్మ గుడివాడలో, పిన్ని ఇంటికి రెండు వీధుల అవతల, తలుపు గడియ వేసిందో లేదో నాలుగోసారి చూసుకుంటూ ఉండి ఉంటుంది. అది కార్తీకమాసం.

పెద్దమ్మ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. 1977 నవంబరు 19 నాటికి ఆమెకి ఇరవై ఏళ్లు. నాగాయలంక దగ్గర అత్తవారి ఊళ్లో ఉంది, చంకలో తొమ్మిది నెలల పాప. ఆ రోజు దివిసీమ మీదికి సముద్రం అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, కోడూరు, ఆ పేర్లు అప్పటినుంచీ ఊళ్ల పేర్లలా కాక చావుల పేర్లలా వినిపిస్తాయి. చనిపోయినవాళ్లు పదివేలని ప్రభుత్వం లెక్క, అక్కడివాళ్లు ఆ లెక్కని ఎప్పుడూ ఒప్పుకోలేదు. పెద్దమ్మ తాటిచెట్టు పట్టుకుని బతికింది. పాప బతకలేదు. తర్వాత పెదనాన్న గుడివాడలో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా కుదిరాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇంటిపని, ఒంటిపని ఏ లోటూ లేకుండా చేసుకుంటూ వచ్చిన మనిషి గాలి గట్టిగా వీస్తే మాత్రం ఇంట్లో ఉండలేకపోయేది. పిల్లల్ని లాక్కుని వీధిలోకి వచ్చేసేది. ఒకసారి నడిరాత్రి చిన్నవాణ్ణి నడుముకి కొంగుతో కట్టేసుకుని డాబా మీద కూర్చుందట.

"దానికి గాలి సోకింది" అన్నారు అత్తింటివాళ్లు. తాయెత్తు కట్టించారు, వేపమండలతో కొట్టించారు. ఎంత నిజం చెప్పారో వాళ్లకే తెలియదు. గాలే కదా సోకింది ఆమెకి!

పెద్దమ్మది రక్తంలో వచ్చిన జబ్బు కాదు. పెను విపత్తు మనుషుల్ని ఎన్నేళ్లు వెంటాడుతుందో ఇప్పుడు వైద్యశాస్త్రం బాగా ఎరుగును. 1984 భోపాల్ తర్వాతే ఈ దేశంలో విపత్తు బాధితుల మనసు గురించి వైద్యులు గట్టిగా మాట్లాడ్డం, మామూలు డాక్టర్లకి అందులో శిక్షణ ఇవ్వడం మొదలైంది. దివిసీమకి అది ఏడేళ్లు ఆలస్యం. నేనొకసారి పెద్దమ్మని అడిగాను, ఆ రోజుల్లో నిన్నెవరైనా ఎలా ఉన్నావని అడిగారా అని. "ఎందుకడగలేదే, బోలెడుమంది వచ్చారు. బియ్యం ముట్టాయా, చీర ముట్టిందా అని అడిగారు. ఇంట్లో ఎంతమంది పోయారని అడిగి రాసుకున్నారు. పాప పేరేంటని మాత్రం ఎవ్వళ్లూ అడగలేదు" అంది. సాయం చేసినవాళ్లని తక్కువచేసి అన్న మాట కాదది. వాళ్ల బియ్యంతోనే బతికింది, ఆ సంగతి కూడా చెప్తుంది.

అయితే పిన్నికి ఈ తేడాతో పనిలేదు. ఉప్పెనలో వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అని సంబంధం వాళ్లు ఆగి వినరు. "వాళ్ల పెద్దమ్మకి మతి స్థిమితం లేదట" అన్న ఒక్క వాక్యం మచిలీపట్నం నుంచి విజయవాడ దాకా రైలు కన్నా ముందే వెళ్తుంది. ఇక్కడ నాకు డాక్టర్ల ప్రశ్న మీద కూడా కొంచెం పేచీ ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. మీ ఇంటికి ఏం జరిగింది అని అడగొచ్చు కదా! మొదటి ప్రశ్న మనిషిని నిందితురాలిని చేస్తుంది. రెండోదానికైతే పిన్ని జవాబు చెప్పేదేమో. 1977 గురించి మాట్లాడ్డానికి ఆమెకి సిగ్గేమీ లేదు, తనూ ఏడేళ్ల పిల్లగా ఆ నీళ్లు చూసింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఇలాంటి సందర్భాల్లో నా బుర్ర నవలల వైపు పోతుంది. గుడివాడ పక్కనే అంగలూరు. త్రిపురనేని రామస్వామి చౌదరి ఊరు, ఆయన కొడుకు గోపీచంద్ 1910లో పుట్టిన ఊరు. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా అందరూ చెప్పే 'అసమర్థుని జీవయాత్ర' రాసింది ఆ గోపీచందే. ఎమ్మేలో మేం ఈ నవల చదివినప్పుడు చర్చంతా సీతారామారావు చుట్టూనే తిరిగింది. చనిపోతూ తండ్రి నెత్తిన పెట్టిన వంశప్రతిష్ఠ, దానికోసం కరిగిపోయిన ఆస్తి, ఉద్యోగంలో ఇమడలేకపోవడం, తనలోకి తాను కుంచించుకుపోవడం, చివరికి శ్మశానం. అస్తిత్వ వేదన అన్నాం, ఫ్యూడల్ విలువల పతనం అన్నాం. పరీక్షలో రాశాం, మార్కులొచ్చాయి.

చెల్లెలి సంగతి జరిగిన తర్వాత ఆ నవల మళ్లీ చదివాను. ఈసారి నాకు ఇందిర తప్ప మరొకరు కనిపించలేదు. అతని భార్య. ఆ మనిషి మారిపోతున్న సంగతి మొదట తెలిసేది ఆమెకే. నిద్ర పోవట్లేదని, మాట తీరు మారిందని, తనమీదా బిడ్డమీదా విరుచుకుపడుతున్నాడని. ఏ జబ్బుకైనా 'తొలి లక్షణాలు' అని డాక్టర్లు పట్టిక వేస్తారే, ఆ పట్టికంతా ఇందిర రోజువారీ సంసారం. అయినా ఆ నవలలో ఆమె సాక్షి కాదు, సాధించే భార్య. పాఠకులం కూడా ఆమెని అలాగే చదివాం. అతని లోపలి మాటలు మనకి పేజీలకి పేజీలు వినిపిస్తాయి, ఆమె లోపల ఏముందో వినిపించదు. నవల గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. కానీ అంత నిశితంగా ఒక మనసు చెదిరిపోవడాన్ని రాసిన రచయితకి కూడా, పక్కనే ఉండి చూస్తున్న మనిషిని అడగాలని తోచలేదు. ఇవాళ్టి మన ఇళ్లల్లోనూ మొదట గమనించేది తల్లి, భార్య, అక్క. ఆ గమనింపుకి మనం పెట్టిన పేరు సణుగుడు.

కనిపెట్టడం దాకా బాగానే ఉంది. కనిపెట్టాక ఏం చేస్తాం? 1990లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గోరీ బృందం, తీవ్రమైన మానసిక వ్యాధి ఇంకా రాకుండానే వచ్చే సూచనలున్న యువతని గుర్తించే పని మొదలుపెట్టింది. మంచి ఆలోచనే, దానివల్ల బాగుపడినవాళ్లున్నారు. కానీ అలా 'ముప్పు ఉంది' అనిపించుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ వ్యాధి రానేలేదు. అందుకే ఆ ముందస్తు దశని ఒక జబ్బుగా లెక్కకట్టాలా వద్దా అని అమెరికా మానసిక వైద్యుల సంఘంలో పెద్ద గొడవ జరిగి, 2013లో వెలువడిన వాళ్ల గ్రంథంలో దాన్ని ఇంకా పరిశీలించవలసినవాటి కింద పక్కన పెట్టారు. మెల్‌బోర్న్‌లో రాని జబ్బుకి పేరు తగిలించుకున్న అమ్మాయికి కొంత దిగులు మిగలొచ్చు. గుడివాడలో అదే పేరు తగిలితే జీవితకాలం ఆ చీటీయే ఆమె జాతకం.

ఇది నా ఊహ కాదు, చట్టంలోనే ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి విడాకులకి ఒక కారణం. 1976 సవరణతో ఆ మాట పరిధి ఇంకా పెరిగింది. ఆస్పత్రి చీటీ, మందుల బిల్లు, పుట్టింటివాళ్లు రాసిన ఉత్తరం, అన్నీ కోర్టులో కాగితాలవుతాయి. జబ్బు పేరుంటే చాలదు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013లో ఆంధ్ర నుంచి వెళ్లిన ఒక కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. భార్యకి స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులడిగాడు, కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టు మాటనే నిలబెట్టింది. ఆమె పెద్ద చదువు చదివి ప్రభుత్వోద్యోగం చేస్తున్న మనిషి. తన మతి సరిగ్గానే ఉందని రుజువు చేసుకోడానికి ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిందో తల్చుకుంటే, గెలిచిందని సంతోషించాలో లేదో నాకు తేలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం మనకి అక్కరకొచ్చే మాటలు కొన్ని చెప్పింది. మానసిక వ్యాధి ఉందన్నంత మాత్రాన మతి తప్పిన మనిషి అని అర్థం కాదు, అలా తేల్చవలసింది కోర్టు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. తన వైద్య కాగితాలు తాను చూసుకోవడం కూడా హక్కు. ఆ మూడూ పిన్నికి చదివి వినిపించాను. "చట్టం ఢిల్లీలో ఉంటుందే, మేం మందపాడులో ఉంటాం" అంది.

భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద రాసిన పుస్తకం మనలో చాలామంది చదివే ఉంటారు. ఆమె 2024లో వెళ్లిపోయింది. తీవ్రమైన మానసిక వ్యాధులు ఆడా మగా ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటే, దిగులు, ఆందోళన లాంటివి స్త్రీలలో దాదాపు రెట్టింపు ఉంటాయని, అయినా మన విధానాలన్నీ మొదటివాటి చుట్టూనే కట్టారని ఆమె వాదన. ఆ వాదనకి పాతికేళ్లు దాటాయి. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, వాళ్లలో అత్యధికులకి వైద్యం అందట్లేదని తేలింది. ఆ సర్వే చేసిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మా పిన్నులూ పెద్దమ్మలూ ఆ లెక్కలో కూడా లేరన్నమాట.

నాకు ఆశ కలిగించిన పని ఒకటి పాకిస్తాన్‌లో జరిగింది. రావల్పిండి దగ్గరి పల్లెల్లో అతీఫ్ రహమాన్, ఆయన తోటివాళ్లు చేసి 2008లో ప్రచురించారు. దిగులుతో ఉన్న గర్భిణులు తొమ్మిదివందల మంది. వాళ్ల దగ్గరికి వెళ్లింది డాక్టర్లు కాదు, మన ఆశా కార్యకర్తల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలు. మామూలుగా వెళ్లే ఇంటికే వెళ్లి, కాన్పుకి ముందు నుంచీ బిడ్డకి పది నెలలు వచ్చే దాకా పదహారుసార్లు కూర్చుని మాట్లాడారు. మందుల్లేవు. బిడ్డకి ఆరు నెలలొచ్చేసరికి ఆ మాటలు అందిన తల్లుల్లో నూటికి 23 మందిలో దిగులు మిగిలింది. మామూలుగా వచ్చి వెళ్లిన ఇళ్లల్లో 53 మందిలో మిగిలింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని అన్ని దేశాలకీ సూచించింది.

అందులో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. ఆ కార్యకర్తలు 'నీ దిగులు గురించి మాట్లాడదాం' అని వెళ్లలేదు. 'బిడ్డ బాగా ఎదగడానికి' అని చెప్పి వెళ్లారు. అలా అయితేనే అత్తగారు గడప దాటనిస్తుంది, మంచమ్మీద కూర్చోనిస్తుంది, టీ ఇస్తుంది. ఎంత తెలివైన ఎత్తు! ఎంత బాధాకరమైన ఎత్తు కూడా! ఆమె మనసుని ఆమె కోసం బాగుచేస్తామంటే తలుపు తెరుచుకోదు, వంశాంకురం కోసమంటే తెరుచుకుంటుంది. స్త్రీవాదిగా దీన్ని ఒప్పుకోవాలా అని నాలో నేను చాలా వాదించుకున్నాను. ఒప్పుకున్నాను. పెద్దమ్మ తలుపు గుర్తొచ్చి ఒప్పుకున్నాను. మన ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పు తర్వాత నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు ఇంటికొస్తుంది. బిడ్డ బరువు చూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, బొడ్డు చూస్తుంది. అదే మంచం మీద, నిద్ర పడుతోందా తల్లీ, ఏడుపొస్తోందా, నీకు సాయం ఎవరున్నారు అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? అయితే ఇప్పటికే నడ్డివిరిగే పని చేస్తూ జీతమనేది లేక పారితోషికాలతో బతుకుతున్న ఆ మనిషి నెత్తిన ఇంకో పని పెడుతున్నామని కూడా గుర్తుంచుకోవాలి. ఆడవాళ్ల బాధకి ఆడవాళ్ల చవక శ్రమ మందు కాకూడదు.

ఊరంతటికీ వర్తించే నివారణ అంటారే, దానికి మన దగ్గర అంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది, మనమే దాన్ని ఆ పేరుతో పిలవం. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992 నాటికి రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేకోద్యమం. వ్యసనం ముదిరినవాణ్ణి ఆస్పత్రిలో చేర్పించమని ఆ ఆడవాళ్లు అడగలేదు, ఊళ్లోకి సారా రావద్దన్నారు. పుస్తకాలు ఇవాళ చెప్తున్న సంగతి, దొరకడం తగ్గిస్తే తాగడం తగ్గుతుందని, వాళ్లు చీపుళ్లు పట్టుకుని చెప్పారు. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. అంతకుముందు రెండుసార్లు ఇదే గుడివాడ నుంచి గెలిచిన ఎన్.టి. రామారావు హయాంలో 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. కారణాలు అందరికీ తెలిసినవే, ఖజానా. మొగుడి తాగుడు, దెబ్బలు, అప్పులు, ఇవన్నీ ఇంటి ఆడవాళ్ల మనసుల మీద ఏం చేస్తాయో తెలిసి కూడా దాన్ని ఎక్సైజు వ్యవహారంగా చూసినంతకాలం, మానసిక ఆరోగ్యం పేరుతో ఎన్ని పోస్టర్లు అంటించినా నాకు నమ్మకం కుదరదు.

ఈమధ్య కొన్ని మంచి మార్పులు లేకపోలేదు. 2022 అక్టోబరులో కేంద్రం టెలి మానస్ పెట్టింది. 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పిన్నికి నచ్చిన సంగతి ఏంటంటే, చీటీ ఉండదు. ఇబ్బందల్లా, ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరికి చేశావని ఎవరు చూస్తారు అన్నదే. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందకి పైగా విద్యార్థులుంటే శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండి తీరాలంది. మార్కులని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం మానమంది. మా చెల్లెలి హాస్టల్లో 'ఎ' బ్యాచ్ పిల్లలకీ 'డి' బ్యాచ్ పిల్లలకీ భోజనాల వేళలు కూడా వేరుగా ఉండేవి. ప్రతి ఆదివారం పరీక్ష, సోమవారం గోడమీద జాబితా. ఆ గోడకి ఏ మందు వేస్తాం?

చెల్లెలు ఏడాది వాడింది మందులు. మందులకన్నా ఆ డాక్టరుతో మాట్లాడ్డం ఎక్కువ పనిచేసిందని తనంటుంది. ఆ హాస్టలు మానేసింది, ఇంటి దగ్గరుండి ఇంటర్ పాసైంది, బీకాం చేసింది, ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం. నిద్ర చెదిరిన మొదటి వారంలోనే తనకి తెలిసిపోతుందట, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఇన్నేళ్లలో రెండుసార్లు అలా వెళ్లింది. ముందుగా కనిపెట్టడం అంటే తనకి ఇప్పుడు పుస్తకం అక్కర్లేదు. పెద్దమ్మ దగ్గర ఎక్కువసేపు కూర్చునేదీ తనే. ఆ పాప పేరు పెద్దమ్మని అడిగింది కూడా తనే. కృష్ణవేణి.

మొదటి ఏడాది చీటీలన్నీ పిన్ని పొయ్యిలో వేసేసింది. తర్వాతవి చెల్లెలు ఒక ఫైలులో పెట్టి తన బీరువాలో తాళం వేసుకుంది. ఈ మాఘమాసానికి సంబంధాలు చూస్తున్నారు. ఏలూరు వైపు అబ్బాయి, వాళ్లు వచ్చి చూసి వెళ్లారు, ఆ ప్రశ్న అడిగారు. పిన్ని అలవాటుగా లేదంది. తర్వాత అబ్బాయితో విడిగా మాట్లాడినప్పుడు ఫైలు సంగతి చెప్తానని చెల్లెలంటుంది. చెప్తే నా శవం చూస్తావంటుంది పిన్ని. పెద్దమ్మని అడిగితే, "ముందు ఆ అబ్బాయి ఇంట్లో ఏం జరిగిందో కనుక్కోండే" అంది. ఇద్దరూ ఆ మాట దగ్గర ఆగారు. ఆదివారం అతను ఫోను చేస్తానన్నాడట.